ఇరవై చక్రాల రైలు

మా ఊళ్ళో ఒకడు చేసిన బొమ్మను గొంతుగొట్టంలో పెట్టి చూడటమంటే వాడి మొహాన ఉమ్మేసినట్టే లెక్క. ఈ ముక్క ఎక్కడా రాసి పెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. తాతల నాటి నుంచి చెక్కబొమ్మల మీద బతికిన ఊరు మాది. ప్రతి ఇంటి వెనకా ఒక షెడ్డు, షెడ్డులో ఒక లేతు మిషను, చెప్పుల్లో, జుట్టులో, ఒక్కోసారి సూపులో కూడా చెక్కపొట్టు.

గొంతుగొట్టం అంటే చిన్న ప్లాస్టిక్ గొట్టం, అద్దంలా లోపలంతా కనపడుతుంది. మూడేళ్ళలోపు పిల్లల గొంతు ఎంత ఉంటుందో దాని కొలతా అంతే. బొమ్మలోంచి ఊడొచ్చే ముక్క ఏదైనా అందులో పూర్తిగా పట్టిందంటే ఆ బొమ్మ చంటిపిల్లలకు పనికిరాదు. మా చంటిపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పరీక్ష పని నాది. కొట్లో కొన్న బొమ్మ వస్తే లాగుతాను, మెలిపెడతాను, నేలకేసి కొడతాను, ఆ తర్వాతే బొమ్మల పుస్తకంలో రోస్విటా అని సంతకం పెడతాను. ఊరివాళ్ళ షెడ్డులోంచి వచ్చినదైతే ముట్టుకోకుండానే సంతకం. "ఎక్కార్ట్ చేసిన బాతును లాగి చూడవా?" అని ఎవరైనా అడిగితే, "లాగాల్సి వస్తే ఎక్కార్ట్ చెవి లాగుతా, బాతునెందుకు?" అనేదాన్ని. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నా అంత చమత్కారి జిల్లాలో లేదనుకునేదాన్ని నేను.

ఏటా క్రిస్మస్ ముందు, కిటికీల్లో కొవ్వొత్తుల చెక్కతోరణాలు పెట్టకముందే, ఒక్కో ఇల్లు బడికి ఒక బొమ్మ ఇవ్వడం మా ఆనవాయితీ. ఈసారి వంతు మాది. అంటే నా మొగుడు వీలాండ్‌ది. బడిలో పాత రైలును పిల్లలు కొరికి కొరికి గుల్ల చేసేశారు, అందుకని కొత్త రైలు అడిగారు. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, కింద పరుచుకునే చెక్క పట్టాలు. పెట్టెలు కలపడానికి అయస్కాంతాలు వద్దు, కొక్కేలు చాలు అని నేనే చెప్పాను. మొత్తం ఇరవై చక్రాలు.

వీలాండ్ నలభై నాలుగేళ్ళుగా లేతు మీద పని చేస్తున్నాడు. ఈ వసంతం నుంచి అతని కుడిచెయ్యి వణుకుతోంది.

మొదట్లో చలికేమో అనుకున్నాం. జూన్ నెలలో చలేమిటి, మా పిచ్చి కాకపోతే! పట్నంలో డాక్టరు దానికో పేరు చెప్పి, మాత్రలు రాసిచ్చి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా ముదిరేదే అన్నాడు. బస్సులో తిరిగొస్తూ వీలాండ్ ఒకే ఒక్క మాటన్నాడు.

"ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు రోసీ."

"ఎవరికి చెప్తాను నేను?"

"నీ నోటికి తాళం ఉందా ఎప్పుడైనా?"

"ఈ ఒక్కదానికి వేస్తాలే," అన్నాను. వేశాను కూడా. అప్పటినుంచి సారా కొట్టులో వీలాండ్ గ్లాసు ఎడమచేత్తో ఎత్తడం, కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంచుకోవడం మొదలుపెట్టాడు. వీడికి ఈ మధ్య దొరతనం ఎక్కువైంది, చేతులు కూడా కలపడం లేదని ఎక్కార్ట్ ఎగతాళి చేశాడు. పొద్దున్నే రొట్టె మీద వెన్న నేను రాసి పెడతాను. అతను కిటికీ వైపు చూస్తాడు, నేను స్టవ్వు వైపు చూస్తాను.

రైలు సంగతి వచ్చినప్పుడు మాత్రం మొండికేశాడు. "ఇది నేనొక్కణ్ణే చేస్తాను. నువ్వు షెడ్డు గుమ్మం తొక్కకు," అన్నాడు. ఇది అతని చివరి పని అని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ అనలేదు. అక్టోబరంతా షెడ్డులో మిషను మోత వినిపిస్తూనే ఉంది. ఆగడం, మొదలవడం, మళ్ళీ ఆగడం. ఇదివరకు అలా ఆగేది కాదు. నేను వంటింట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తూ, అది ఆగిన ప్రతిసారీ కత్తి పట్టుకుని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని.

మా పనివాళ్ళు చక్రాలు బిగించే పద్ధతి వేరు. జిగురు వాడరు, జిగురు వాడేవాడు చేతకానివాడని లెక్క. చక్రం మధ్యలోంచి ఒక చెక్క చీల పెట్టి పెట్టెలోకి కొడతారు. ఆ చీలలను ముందు పొయ్యి మీద వారం రోజులు ఎండబెడతారు. బాగా ఎండిన చీల పెట్టె చెక్కలోకి వెళ్ళాక లోపలి చెమ్మ తాగి ఉబ్బుతుంది. ఇక దాన్ని ఏనుగొచ్చి లాగినా రాదు. కాకపోతే చీల పట్టే రంధ్రం గుండ్రంగా, నిటారుగా ఉండాలి. రంధ్రం తొలిచే బర్మా పట్టిన చెయ్యి కదిలిందా, రంధ్రం కోలగా పోతుంది, చీల ఎంత ఉబ్బినా పక్కన సందు ఉండిపోతుంది.

నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రైలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. రంగు వెయ్యలేదు, ఉత్త మైనం రుద్దాడు. బీచ్ చెట్టు చెక్క తేనెరంగులో మెరుస్తోంది. ఇంజను ముక్కు గుండ్రంగా, పిల్లల పిడికిలికి సరిగ్గా సరిపోయేట్టు ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులు కడుక్కొస్తానని వీలాండ్ దొడ్లోకి వెళ్ళాడు.

నేను ఇంజను చేతిలోకి తీసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు ఊరుకోనిస్తుందా? ఏడాదిన్నర పిల్లాడు ఎలా లాగుతాడో అలా, పళ్ళతో, ముందువైపు కుడి చక్రం పట్టుకుని లాగాను. చీల ఊడి నా నాలుక మీదికి వచ్చింది.

చిటికెన వేలి కణుపంత ఉంది, తల శనగగింజంత. గొంతుగొట్టం ఎందుకు, కళ్ళతోనే కొలిచాను. దొడ్లో కుళాయి ఆగిన చప్పుడైంది. చటుక్కున చక్రాన్ని, చీలను మళ్ళీ దాని చోట్లో పెట్టి బొటనవేలితో అదిమాను.

"ఎలా ఉందే?" అన్నాడు గుమ్మంలోంచి. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ మొహంలో నలభై ఏళ్ళ క్రితం నాకు మొదటి ఉప్పుడబ్బా చేసిచ్చిన కుర్రాడు కనిపించాడు.

"బ్రహ్మాండంగా ఉంది ముసలాయనా," అన్నాను.

అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. ఇద్దరం ఒక పూట ఏడ్చి ఊరుకునేవాళ్ళం. చెప్పలేకపోయాను. అతని దగ్గర మిగిలింది ఆ పేరొక్కటే, దాన్ని నా చేతులతో లాక్కోవడం నా వల్ల కాలేదు.

ఈ ఏడు వ్యవహారం మామూలుగా జరగలేదు. స్వెన్యా అనే ఆవిడ ఉంది, లైప్సిగ్ నుంచి వచ్చి మా ఊళ్ళో కాపురం పెట్టి రెండేళ్ళయింది. ఆవిడ కొడుకు యారోన్, ఇరవై రెండు నెలలవాడు, బడిలో నా దగ్గరే ఉంటాడు. తల్లిదండ్రుల సంఘంలో ఆవిడ లేచి, బడికి ఏ రైలు కావాలో అందరూ చూసి ఎంచుకుందాం అంది. కొట్టు నుంచి ఒక రైలు కూడా తెప్పించింది. బడి పెద్ద హైడ్రున్‌కు ఎవరినీ కాదనడం రాదు, సరేనంది. గురువారం సాయంత్రం పద్నాలుగు మందిమి పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకు తగిలేట్టు కూర్చున్నాం. బల్లకు ఈ చివర వీలాండ్ రైలు, ఆ చివర అట్టపెట్టెలో కొట్టు రైలు. వీలాండ్ వెనక గోడ దగ్గర నిలబడ్డాడు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

"దీనికి పరీక్ష చేసిన ముద్ర ఉంది," అంది స్వెన్యా, పెట్టె చూపిస్తూ. "ఇరుసు, చక్రాలు కలిపి బిగించారు, విడివిడిగా ఊడవు. నేను వీలాండ్ గారి పనిని తక్కువ చెయ్యడం లేదు. రెండిటినీ ఒకేలా చూడమంటున్నాను, అంతే. లాగి చూద్దాం. ఏవైనా ఊడితే గొంతుగొట్టంలో వేసి చూద్దాం."

ఎక్కార్ట్ గొంతు సవరించుకున్నాడు. అతని మనవరాలు మా బడిలోనే ఉంది.

"చూడమ్మా, వీలాండ్ బిగించిన చక్రం ఊడేలోగా నా పళ్ళన్నీ ఊడిపోతాయి."

"నీ పళ్ళు ఊడి పదేళ్ళయిందిగా తాతా!" అని ఎవరో అన్నారు. గదంతా గొల్లుమంది. స్వెన్యా మొహం ఎర్రబడింది, కానీ కూర్చోలేదు. "నా కొడుకు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు," అంది. "నాకు భయంగా ఉంది. నవ్వితే నవ్వండి."

హైడ్రున్ ఇబ్బందిగా నా వైపు తిరిగింది. "రోస్విటా, ఈ పరీక్షలన్నీ నువ్వేగా చేసేది. ఇంట్లో చూసే ఉంటావు. నువ్వే చెప్పు."

అందరి కళ్ళూ నా మీదే. వీలాండ్ కళ్ళు కూడా. పళ్ళ మధ్య ఆ చీల ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"చూశాను," అన్నాను. "ఇరవై చక్రాలూ లాగాను. ఒక్కటి కదిలితే ఒట్టు."

అంతటితో ఊరుకున్నానా? నా నోరు ఊరుకుంటుందా! "స్వెన్యమ్మా, ముద్ర కావాలంటే చెప్పు, ఇంటికెళ్ళి వీలాండ్ నుదుటి మీద ఒకటి గుద్ది తీసుకొస్తాను," అన్నాను. మళ్ళీ గొల్లుమన్నారు. స్వెన్యా నెమ్మదిగా కూర్చుంది. చేతులెత్తమంటే వీలాండ్ రైలుకు పదమూడు చేతులు లేచాయి. బొమ్మల పుస్తకంలో సంతకం పెట్టాను. ఇంటికి నడిచి వెళ్తుంటే దారంతా వీలాండ్ ఒక్క మాటా మాట్లాడలేదు. సంతోషంతో నోరు పెగల్లేదనుకున్నాను.

శనివారం బడికి సెలవు. తాళాలు నా దగ్గరే ఉంటాయి. చేతిసంచీలో జిగురు సీసా, చిన్న ఉలి, ఉప్పుకాగితం పెట్టుకుని దొంగలా వెళ్ళాను. ఇంజను ముందు కుడి చీల పీకి, మైనం గీకేసి, జిగురు పట్టించి కొట్టాను. ఆరాక పళ్ళతో లాగాను, రాలేదు. మిగతా పందొమ్మిదీ లాగాను. గట్టిగానే ఉన్నాయి. ఉండాలని ఎంతగా కోరుకుని లాగానో, అంత గట్టిగా ఉన్నాయి. హమ్మయ్య, ఎవరి పరువూ పోలేదు, ఏ బిడ్డకూ ప్రమాదం లేదు అనుకుంటూ వచ్చి, గసగసాల కేకు రెండు ముక్కలు తిన్నాను.

ఆ ధైర్యం సోమవారం దాకా కూడా నిలవలేదు. పిల్లలు రైలు మీద పడేసరికి నాకు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. పొద్దున ఇరవై. పళ్ళు తినే వేళకు ఇరవై. మూత్రానికి కూర్చోబెట్టినప్పుడు ఇరవై. పడుకోబెట్టాక ఇరవై. నాతో పనిచేసే ఒకామె "ఏమిటి రోస్విటా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావు, ప్రార్థనా?" అని నవ్వింది. ప్రార్థనేమోలే అన్నాను.

యారోన్‌కు ఆ రైలంటే పిచ్చి. వాడికింకా మాటలు రాలేదు, "తూ" ఒక్కటే వచ్చు. పొద్దున్నే కోటు విప్పకుండానే వెళ్ళి మూడో పెట్టె పట్టుకుని "తూ" అంటాడు. ఎందుకో ఇంజను వద్దు వాడికి, మూడో పెట్టె కావాలి. వారం గడిచాక ఒకరోజు స్వెన్యా వాడి చెప్పులు తొడుగుతూ తల ఎత్తకుండానే అంది:

"రోస్విటా గారూ, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. వీలాండ్ గారు ఏమనుకున్నారో. వీడు ఇంటికొచ్చినా ఆ రైలు ధ్యాసే. మీ ఊరి పద్ధతులు నాకింకా తెలియవు. క్షమించండి."

"అయ్యో, దానికేముందమ్మా," అన్నాను. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

నవంబరు చివర్లో చలి ముదిరింది. బడిలో రాత్రీ పగలూ హీటర్లు మండుతున్నాయి, నా చేతివేళ్ళ చివర్లు పొడిగాలికి పగిలాయి. లేతుపనివాడి పెళ్ళాన్ని, గది పొడిబారితే చెక్క కుంచించుకుపోతుందని నాకెవరైనా చెప్పాలా? తెలుసు. తెలిసీ, ఇంకో శనివారం వెళ్ళి అన్నిటికీ జిగురు పెడదాం అనుకున్నాను. ఆ శనివారం మంచు పడింది, బద్ధకించాను. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకుని ఏం లాభం!

మంగళవారం. సూపు గిన్నెలు ఇంకా రాలేదు. రొట్టె ముక్కలు పంచాం. నేను లెక్కపెట్టాను. పందొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. పందొమ్మిదే. మూడో పెట్టె వెనక ఎడమ చక్రం లేదు. తివాచీ కింద చక్రం దొరికింది. చీల లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళ మీద పడి తివాచీ ఎత్తాను, పట్టాలు ఎత్తాను, హీటరు కింద చెయ్యి పెట్టాను. తొమ్మిదిమంది పిల్లలు. ఒక్కొక్క మొహమూ చూశాను. ఎనిమిది నోళ్ళు రొట్టె నములుతున్నాయి. యారోన్ నోరు మూసుకుని ఉంది. గడ్డం నిండా చొంగ. నన్ను చూసి, పెదవులు విప్పకుండా కళ్ళతో నవ్వాడు.

"నాన్నా, ఆఁ అను. రోసీకి నోరు చూపించు," అన్నాను. ఎంత మెత్తగా అన్నానో దేవుడికే తెలియాలి. వాడికి ఆటనిపించింది. తల అడ్డంగా ఊపాడు. బుగ్గ పట్టుకుని నోట్లో వేలు పెట్టాను. కొరికాడు. వేలికి చీల తల తగిలింది. వాడు గట్టిగా ఊపిరి పీల్చాడు, అది నా వేలి కింద నుంచి జారి లోపలికి పోయింది.

చప్పుడు లేదు. ఏడుపు లేదు, దగ్గు లేదు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. వాణ్ణి బోర్లా నా తొడ మీద వేసుకుని, తల కిందికి వంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో కొట్టాను. ఒకటి. రెండు. మూడు. చెవుల చివర్లు నీలంగా మారుతున్నాయి. నాలుగు. దేవుడా, నా ప్రాణం తీసుకో అని పైకే అరిచాను. ఐదో దెబ్బకు నేల మీద టక్కుమంది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపంత తియ్యగా నాకు జన్మలో ఏదీ వినిపించలేదు. చీల మీద పాదం పెట్టి కప్పేశాను.

అవును. ఆ క్షణంలో కూడా, బిడ్డ నా ఒళ్ళో ఏడుస్తుండగా, నేను చేసిన మొదటి పని అదే.

హైడ్రున్ పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఏం మింగాడు?"

"రొట్టె ముక్క," అన్నాను. "అడ్డం పడింది. వచ్చేసింది."

డాక్టరు వచ్చి చూసి, గొంతు శుభ్రంగా ఉంది, భయం లేదన్నాడు. స్వెన్యా పని వదిలి, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా మంచులో పరిగెత్తుకొచ్చింది. హైడ్రున్ గుమ్మంలోనే ఎదురెళ్ళి చెప్పింది. "ఏం కాలేదు, బాగున్నాడు. రోస్విటా లేకపోతే ఈ రోజు ఏమయ్యేదో. ఆవిడే కాపాడింది."

స్వెన్యా కొడుకును హత్తుకుని ఏడ్చింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, వాడిని కొట్టిన ఆ అరచేతిని ముద్దు పెట్టుకుంది. "నా బిడ్డను నాకిచ్చారు. చచ్చేదాకా మర్చిపోను," అంది. నేను చేతులు వెనక్కి లాక్కోవాలని చూశాను. వదల్లేదు. "మీకు నా మీద కోపం ఉండాలి, నేను ఆ రోజు అన్నదానికి. అయినా..." అంటూ మళ్ళీ ఏడ్చింది. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నా జేబులో ఆ చీల ఉంది. చొంగకు ఇంకా తడిగానే ఉంది.

మైనం రుద్ది తెస్తానని అబద్ధం చెప్పి, రైలు మొత్తం సంచీలో వేసుకుని ఇంటికొచ్చాను. మూడు గంటలవుతోంది. వీలాండ్ కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు. కోటు కూడా విప్పకుండా బల్ల మీద చీల పెట్టాను.

"ఇది ఈ రోజు యారోన్ గొంతులోంచి వచ్చింది," అన్నాను.

మొత్తం చెప్పాను. దెబ్బలు, చెవుల నీలం, నా పాదం, రొట్టె ముక్క అబద్ధం, ఆవిడ ముద్దు, అన్నీ. వీలాండ్ చీలను ముట్టుకోలేదు.

"ఇంజను ముందుదా?" అన్నాడు.

"కాదు. మూడో పెట్టెది." నాకు అప్పుడు వెలిగింది. "ఇంజనుది అని ఎందుకనుకున్నావు?"

అతను కప్పు కింద పెట్టాడు.

"వీలాండ్, ఇంజనుది అని ఎందుకనుకున్నావు?"

"కొట్టేటప్పుడే తెలుస్తుందే. సుత్తి మోత బోలుగా వచ్చింది. రంధ్రం కోలగా పోయిందని అప్పుడే తెలుసు."

"తెలిసి తెచ్చి బల్ల మీద పెట్టావా? చంటిపిల్లలు ఆడుకునే బొమ్మ! బుద్ధుందా నీకు?" నేను అరుస్తున్నాను. పక్కింటివాళ్ళు వింటారని కూడా తోచలేదు.

"నువ్వు లాగుతావని పెట్టాను," అన్నాడు. "ఎవరి బొమ్మ లాగకపోయినా నాది లాగుతావు. నిన్ను నేనెరగనా? ఊడుతుంది, ఇది పనికిరాదు వీలాండ్, ఇక చాలించు అంటావనుకున్నాను. నా నోటితో నేను చెప్పుకోలేకపోయాను రోసీ. నువ్వు చెప్తే సరే అని కూర్చుందామనుకున్నాను. దొడ్లో కుళాయి కట్టేసి అక్కడే నిలబడ్డాను, నీకు టైమివ్వాలని."

కుర్చీలో కూలబడ్డాను.

"బ్రహ్మాండం అన్నావు," అన్నాడు. "సరే, నీ చేతికి తగల్లేదేమో, మీటింగులోనైనా బయటపడుతుంది అనుకుని వచ్చాను. ఆ పిల్ల లాగి చూద్దామంది. నా గుండె ఆగిపోయింది. లాగండి, లాగండి అని లోపల అనుకుంటూనే ఉన్నాను. నువ్వు లేచి ఒట్టేశావు."

"నీ కోసమే కదా వేశాను!"

"తెలుసు. అందరూ చేతులెత్తారు." అతని కుడిచెయ్యి బల్ల మీద దడదడలాడుతోంది, కాఫీ కప్పు సాసరు కూడా దానితోపాటు చప్పుడు చేస్తోంది. "అప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో తెలుసా? ఆ ఊడే చీల సంగతి గుర్తుండి కూడా సంతోషం వేసింది. దారంతా నీతో మాట్లాడలేకపోయింది అందుకే, సిగ్గేసి."

తర్వాత సంచీలోంచి రైలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్క చక్రం పట్టుకుని ఎడమచేత్తో లాగాడు. రెండో పెట్టెలో రెండు వచ్చాయి. నాలుగో పెట్టెలో ఒకటి. మూడో పెట్టెలో మిగిలిన వాటిలో మరొకటి. శనివారం నేను లాగి గట్టిగా ఉన్నాయనుకున్నవే అవన్నీ. ఇంజనుది మాత్రం రాలేదు. దాని చుట్టూ ఎండిన జిగురు మరక చూసి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"పద," అన్నాడు, కోటు అందుకుంటూ. "ఆ పిల్ల దగ్గరికి."

"రేపు వెళ్దాం. ముందు హైడ్రున్‌కు చెప్పి..."

"ఇప్పుడే."

స్వెన్యా వాళ్ళిల్లు చర్చి వెనక, రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటేనే దాల్చినచెక్క, వేగిన వెన్న వాసన వచ్చింది. తలుపు తీసి మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. యారోన్ నా వైపున్న చంకలో ఉన్నాడు, చేతికి పిండి అంటించుకుని. నన్ను చూసి "తూ" అన్నాడు.

"అరె, మేమే రేపు మీ ఇంటికి రావాలనుకున్నాం! మీ కోసమే కేకు చేస్తున్నాను. రండి, రండి, లోపలికి రండి వీలాండ్ గారూ. బయట చలి."

నేను గడప దాటలేదు. "స్వెన్యా, అది రొట్టె ముక్క కాదు," అన్నాను.

చెప్పాను. చీల అన్నాను. ముందే ఒకటి ఊడిందని నాకు తెలుసన్నాను, మీటింగులో తెలిసే ఒట్టేశానన్నాను, ఈ రోజు చీల మీద కాలు పెట్టి దాచానన్నాను. పక్కనుంచి వీలాండ్ "చేసింది నేను, తెలిసి ఇచ్చింది కూడా నేను," అన్నాడు. అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తలుపు మొహాన వేస్తుందనుకున్నాను, వెయ్యమని మనసులో బతిమాలుకున్నాను కూడా. ఆవిడ వింటూ వింటూ ఒక అడుగు వెనక్కి వేసింది. యారోన్ నా దగ్గరికి వస్తానని రెండు చేతులూ చాపాడు.

ఆవిడ వాణ్ణి నా వైపున్న చంకలోంచి తీసి, అటువైపు చంకకు మార్చుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా ముందు ఏ తల్లీ ఆ పని చెయ్యలేదు.